ఆపోజిట్ పెట్రోల్ బంక్

సువార్తరాజుకి లోకంలో రెండే రెండంటే ప్రాణం. ఒకటి, నర్సాపురం నుంచి ఎవరైనా మోసుకొచ్చే ఎండు రొయ్యలు. రెండోది, ఆదివారం ఆరాధన చివర తాను చదివే ప్రకటనలు. రొయ్యలు ఏడాదికోసారి దొరికితే గొప్ప. ప్రకటనలు మాత్రం వారంవారం ఉంటాయి కాబట్టి, ఉన్నమాట చెప్పాలంటే మోజు వాటిమీదే ఎక్కువ.

కెనడాలోని స్కార్‌బరోలో ఒక బడి హాలు అద్దెకు తీసుకుని నడుపుకునే తెలుగు క్రైస్తవ సంఘం అది. అయ్యగారి ప్రసంగానికి కునికిపాట్లు పడేవాళ్ళు కూడా సువార్తరాజు మైకు దగ్గరికి రాగానే సర్దుకుని కూర్చునేవారు. ఎవరి పుట్టినరోజు, ఎవరి పెళ్ళిరోజు, ఎవరికి ఇక్కడ స్థిరపడే పీఆర్ వచ్చింది, ఎవరి వర్క్ పర్మిట్ కోసం ప్రార్థించాలి, శుక్రవారం ఇంటి ప్రార్థన ఎవరింట్లో, ఒక్కటీ వదిలేవాడు కాదు. ఇంటి ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గొంతులో మరీ హుషారు పుట్టేది. ఇంటివాళ్ళ పేరు, వీధి, అంతస్తు, కింద తలుపు దగ్గర నొక్కాల్సిన బజర్ నంబరు, ఫోన్ నంబరు, వీటన్నిటికీ తోడు ఒక కొండగుర్తు.

ఆ కొండగుర్తు సంగతి కొంచెం చెప్పాలి. నర్సాపురంలో పుట్టి పెరిగినవాడికి ఉత్త ఇంటి నంబరు ఒక అడ్రసేనా? రైసుమిల్లు ఎదురు సందులో, ఫలానా డాక్టరు గారి మేడ దాటాక అంటేనే అడ్రసు. దేశం మారినా, జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు. కెనడా అడ్రసులకి కూడా ఇంగ్లీషులో 'బిసైడ్ మసీదు', 'బిహైండ్ బస్టాప్', 'ఆపోజిట్ పెట్రోల్ బంక్' అని తగిలించేవాడు. ఇక్కడ పెట్రోల్ బంక్ అని ఎవరూ అనరని, గ్యాస్ స్టేషన్ అంటారని కూతురు కెజియా పడీపడీ నవ్వేది. పెట్రోలు పోసే చోటుని గ్యాసని నేనెందుకనాలి అని ఈయన ఎదురు వాదించేవాడు.

మైకులో చదివి ఊరుకుంటే ఈ కథే లేదు. సంఘానికి ఒక వెబ్‌సైటు కూడా తానే చేసిపెట్టాడు. ప్రతి శనివారం ప్రకటనలన్నీ పూసగుచ్చినట్టు అందులో పెట్టేవాడు. తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ వచ్చి కాలేజీల్లో చదువుకునే పిల్లలు బస్సులు మారి మారి వస్తారు, సగం దారిలో ఫోన్ చేసి "అంకుల్, అడ్రస్?" అంటారు. వాళ్ళకి సైటు చూసుకోమంటే సరిపోతుంది. పాతవి తీసెయ్యాలని ఏనాడూ అనుకోలేదు. సంఘం చరిత్ర అంతా అందులో ఉందని మురిసిపోయేవాడు. కెజియా ఒకసారి చూసి, "డాడ్, ఎవ్రీబడీస్ హోమ్ అడ్రస్ ఈజ్ ఆన్ హియర్. దట్స్ నాట్ ఓకే" అంది. ఇది చర్చి తల్లీ, బ్యాంకు లాకరు కాదు అని కొట్టిపారేశాడు.

ఆ అన్న మనిషి ఉద్యోగం చేసేది బ్యాంకులోనే. నార్త్ యార్క్‌లో, కంప్యూటర్ విభాగంలో. మంచినీళ్ళకి లేచినా తెరకి తాళం వేసి గానీ లేవడు. కస్టమర్ల వివరాలు కంటికి రెప్పలా ఎలా కాపాడాలో కొత్తగా చేరినవాళ్ళకి ఏటా క్లాసు పీకుతాడు. మనిషికి ఆఫీసు బుర్ర వేరు, ఇంటి బుర్ర వేరు. సువార్తరాజు ఆఫీసు బుర్రని శుక్రవారం సాయంత్రం బల్లమీదే వదిలి వచ్చేసేవాడు.

ఇక ఏనీ. తుని పిల్ల, వృద్ధుల హోమ్‌లో ముసలివాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని. సంఘానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పద్నాలుగో అంతస్తులో ఒక్క గది ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. భర్త ఇమ్మాన్యుయేల్ కెనడాలోనే కేంబ్రిడ్జ్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్ళయిన దగ్గర్నుంచి పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకునేవాడని, ఫోనులో ఎవరితో మాట్లాడిందో రోజూ చూసేవాడని, చెయ్యి చేసుకునేవాడని, చివరికి అతను డ్యూటీకి వెళ్ళిన పూట చేతిసంచితో బయటపడిందని ప్రేమజ్యోతికి ఒక్కతెకే చెప్పుకుంది. ప్రేమజ్యోతి సువార్తరాజు భార్య. ఆవిడ ద్వారా ఈయనకి తెలిసింది. భార్యాభర్తలిద్దరూ ఆ మాట మూడో చెవిన పడనివ్వలేదు. గుట్టు కాపాడే గుణం తనకి ఉన్నందుకు సువార్తరాజు తనను తాను కాస్త మెచ్చుకున్నాడు కూడా.

సంఘంలో ఇంటి ప్రార్థన వంతులవారీగా సాగుతుంది. అందరిళ్ళూ అయిపోయి ఏనీ వంతు మిగిలింది. ఇల్లు చిన్నదంకుల్ అని ఆ పిల్ల నసిగింది. దేవుడు సోఫాలు లెక్కపెట్టుకోడమ్మా అని ఈయన పట్టుబట్టాడు. రెండు మూడు ఆదివారాలు అలా అడిగించుకుని చివరికి ఒప్పుకుంది.

"కానీ అంకుల్, అడ్రసు మటుకు సైట్లో పెట్టకండి. వచ్చేవాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్తాను" అంది.

"అలాగేనమ్మా" అన్నాడు సువార్తరాజు.

శనివారం వచ్చింది. ప్రకటనలు టైపు చేస్తూ ఆయన ఆ మాట మరిచిపోయాడని చెప్పగలిగితే ఎంత బావుండేది. మరిచిపోలేదు. గుర్తుంది. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఆలోచించాడు కూడా. మన సైటు మనవాళ్ళు కాక ఎవడు చూస్తాడు? ఆ పిల్ల డ్యూటీలో ఉండి ఫోనెత్తకపోతే వచ్చేవాళ్ళు చలిలో రోడ్డు మీద నిలబడాలా? పిల్లది, భయం కొద్దీ అంటుంది. ప్రార్థన అయ్యాక తీసేద్దాంలే. అలా అనుకుని, ఏనీ పేరు, వీధి, అంతస్తు, బజరు, ఫోను, అన్నీ పెట్టి, అలవాటు కొద్దీ చివర కొండగుర్తు కూడా తగిలించాడు. ఆ శుక్రవారం జనం ఫ్లాటులో పట్టక కారిడార్లో దాకా నిలబడ్డారు. ఏనీ వండిన గోంగూర రొయ్యలు సువార్తరాజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తీసేద్దాంలే అనుకున్నది తీయనే లేదు.

ఆకులు రాలే కాలం వచ్చింది. ఒక శనివారం పొద్దున్నే ఏనీ వాళ్ళింటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. ప్రేమజ్యోతి వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇస్తే, కప్పు రెండు చేతులతో పట్టుకుని జరిగింది చెప్పింది.

రెండు రోజుల కిందట సాయంత్రం బజరు మోగిందట. ఎత్తితే "వందనాలండి" అని వినిపించింది. సంఘంలో ఎవరు ఎవరింటికి వచ్చినా ముందు అనేది ఆ మాటే. ఎవరో మనవాళ్ళే అనుకుని మీట నొక్కేసింది, కింద తలుపు తెరుచుకుంది. లిఫ్టు పైకి వచ్చేలోగా ఆ గొంతు ఎవరిదో గుర్తుకొచ్చింది. గొళ్ళెం వేసి, బల్ల తలుపుకి అడ్డంగా జరిపి, దాని వెనక నేలమీద కూర్చుండిపోయింది. ఇమ్మాన్యుయేల్ తలుపు బాదలేదు, కేకలు వేయలేదు. మెల్లగా కీర్తన పాడుకుంటూ గుమ్మం ముందు నిలబడ్డాడు. పక్క ఫ్లాటు ముసలావిడ బయటికి వస్తే ఆవిణ్ణి నవ్వుతూ పలకరించాడు కూడా. వెళ్తూ వెళ్తూ ఒక కేకు పెట్టె వదిలిపోయాడు. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు.

పోలీసులకి చెప్పిందట, వాళ్ళు రాసుకుని వెళ్ళారు. ఆడవాళ్ళ షెల్టర్లో కౌన్సిలర్ ఒక సంగతి చెప్పింది. నెట్‌లో మనుషుల్ని వెతికిపెట్టే సైట్లు ఉంటాయి, పేరు కొడితే చాలు అడ్రసు చూపిస్తాయి, అవి ఎక్కడెక్కడి నుంచో పోగేస్తాయి, ముందు వాటిల్లోంచి నీ వివరాలు తీయించుకో అని. అదెలా చేయాలో తనకి తెలియదు.

"మీకైతే తెలుసు కదంకుల్" అంది ఏనీ. అని, అతని ముఖంలోకి కొంచెంసేపు అలాగే చూసింది.

సువార్తరాజు కడుపు తరుక్కుపోయింది. ఆ వెంటనే, దాచడమెందుకు, ఛాతీ కూడా కొంచెం పొంగింది. తనకి తెలిసిన పని, పదిమందిలో తనకే తెలిసిన పని. నువ్వు టీ తాగమ్మా, నేను చూసుకుంటాను అని ముందుగదిలోకి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఏనీ పేరు కొట్టేసరికి సైట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేరు, వయసు, పాత ఫోను, కేంబ్రిడ్జ్‌లోని పాత ఇల్లు. 'బంధువులు' అన్నచోట ఇమ్మాన్యుయేల్ పేరు. సంతలో కూరగాయలు పోసినట్టు మనిషి బతుకంతా తెరమీద పోసి ఉంది. తీసెయ్యమని అడగడానికి అన్నిటికన్నా అడుగున, కనిపించీ కనిపించని అక్షరాల్లో ఒక దారి. అది పట్టుకుని వెళ్తే ఒకటి ఈమెయిల్ ఇమ్మంటుంది. ఇంకొకటి, నువ్వే ఆ మనిషివని నమ్మకమేంటి, ఐడీ ఫోటో పంపమంటుంది. ఇంట్లో దొంగ పడ్డాడు మొర్రో అంటే, బీరువా తాళం ఇటిచ్చి మాట్లాడు అన్నట్టుంది యవ్వారం. సువార్తరాజు వాటికోసం విడిగా ఒక ఈమెయిల్ సృష్టించాడు. ఏనీ ఇచ్చిన ఐడీలో ముఖం, నంబరు చెరిపి పేరు మాత్రం కనబడేలా చేశాడు. ఒక్కొక్కదానికీ ఓపిగ్గా అర్జీ పెట్టుకుంటూ పోయాడు.

"సిగ్గులేని వెధవలు. ఒకరి అడ్రసు పదిమందికీ చూపించడానికి వీళ్ళెవరసలు?" అని వంటింట్లోకి వినబడేలాగే తిట్టాడు.

తర్వాతి సైటు తెరిచాడు. అందులో పాత ఇల్లు కాదు, కొత్తది ఉంది. స్కార్‌బరో, పద్నాలుగో అంతస్తు. బజర్ నంబరుతో సహా ఉంది. అదెలా దొరికిందబ్బా అని కళ్ళజోడు సర్దుకుని చూశాడు. అడ్రసు చివర ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి. ఆపోజిట్ పెట్రోల్ బంక్.

కెనడాలో ఆ మాట రాసేవాడు ఇంకెవడున్నాడు? పోస్టువాళ్ళు రాయరు, బ్యాంకువాళ్ళు రాయరు, ఈ దేశంలో పుట్టినవాడెవడూ రాయడు. తన చేతిరాతని తానే పోలీసు స్టేషన్లో చూసుకున్నట్టు అయింది సువార్తరాజుకి.

వంటింటి వైపు ఒకసారి చూసి సంఘం సైటు తెరిచాడు. ఆ వారం ప్రకటన అక్కడే, తాను పెట్టింది పెట్టినట్టే ఉంది. గబుక్కున చెరిపేశాడు. మళ్ళీ వెతికితే ఆ మనుషుల్ని వెతికే సైట్లో అలాగే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కాలిన చేతులు బాగవుతాయా? మిగతా వారాలు కూడా తెరిచి చూశాడు. ఇన్నాళ్ళూ సంఘం చరిత్ర అని మురిసినదంతా ఇప్పుడు వేరేలా కనిపించింది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆవిడ ఇల్లు. నలుగురు ఆడపిల్లలు అద్దెకుండే బేస్‌మెంటు, పక్క సందులోంచి దారి అని కొండగుర్తుతో సహా. ఫలానా కుటుంబం ఇండియా ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థించండి అంటూ ఇల్లు ఎప్పట్నించి ఎప్పటిదాకా ఖాళీగా ఉంటుందో తారీఖులు. దొంగలకి దండోరా వేయించినట్టు తానే వేయించాడు. సైటు మొత్తం మూసేశాడు.

సిగ్గులేని వెధవలు అని ఇందాక అరిచిన మాట ఇంకా గదిలోనే ఉన్నట్టనిపించింది. లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అన్నిటికీ రిక్వెస్టులు పెట్టానమ్మా, కొన్ని రోజుల్లో తీసేస్తారు అన్నాడు.

ఏనీ కప్పు కింద పెట్టింది. "ఇక్కడి అడ్రసు వాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిందా అంకుల్?"

చెప్పెయ్యాల్సిన క్షణం అదే. ఆ పిల్ల ఎదురుగా ఉంది, ప్రేమజ్యోతి పక్కనే ఉంది, నోరు తెరిస్తే చాలు. సువార్తరాజు ఫ్రిజ్ మీది కాలెండరు వైపు చూశాడు.

"ఎక్కడెక్కడివో లాగుతారమ్మా వీళ్ళు. చెప్పలేం" అన్నాడు.

ఏనీ తల ఊపింది.

ఆ వారం సువార్తరాజుకి అన్నం సయించలేదు. ఆఫీసులో భోజనం టైములో కూడా ఆ సైట్లే తెరిచి చూసుకునేవాడు. ఒకచోట తీసేశామని మెయిల్ వచ్చేది, ఇంకోచోట కొత్తగా మొలిచేది. దాన్ని పీకితే మొదటిది మళ్ళీ పైకి వచ్చేది. ఇంత కష్టపడుతున్నాను కదా, ఇక చెప్పకపోయినా ఫరవాలేదేమో అని ఒక పూట అనిపించేది. అలా అనిపించినందుకు ఇంకో పూట తన మీద తనకే రోత పుట్టేది. తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఊరుకోనూలేడు. అచ్చం అదే బాధ.

ఆదివారం మైకు దగ్గరికి వెళ్ళాడు. పుట్టినరోజులు చదివాడు. ఇంటి ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి చేతిలో కాగితం మడిచేశాడు. అడ్రసు కావాల్సినవాళ్ళు ఆ ఇంటివాళ్ళనే అడగండి అన్నాడు. "బ్రదర్, సైటు రావట్లేదేంటి?" అని ఎవరో వెనకనుంచి అడిగారు. రిపేరులో ఉందన్నాడు. దేవుని మందిరంలో, మైకులో చెప్పిన అబద్ధం అది. హాలంతా వినబడింది.

అక్కడితో పోయినా బావుండేది. అయ్యగారు మైకు అందుకుని, మన రాజుగారు ఈ మధ్య ఒక సహోదరికి కష్టంలో అడ్డంపడి చేసిన సాయం తన చెవిన పడిందని, పేరు చెప్పకూడదు గనుక చెప్పడం లేదని, కంప్యూటరు చదువు దేవుని పనికి వాడే ఇటువంటి పెద్దమనిషి సంఘానికి ఉండడం మన భాగ్యమని పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. సువార్తరాజు తల వంచుకుని నిలబడ్డాడు. వినయం అనుకున్నారు జనం. భూమి చీలితే దూరిపోదామనుంది ఆయనకి. తల ఎత్తేసరికి వెనక వరసలో, తలుపు పక్కన ఏనీ కనిపించింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అతన్నే చూస్తోంది. దీవెన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళే దారిలో సువార్తరాజు కారుని ఒక షాపు ముందు పార్కింగులోకి తిప్పి ఆపేశాడు. ఒంట్లో బాగాలేదా అని ప్రేమజ్యోతి కంగారుపడింది. స్టీరింగు పట్టుకుని, ఆవిడ వైపు చూడకుండా, జరిగినదంతా చెప్పాడు.

ప్రేమజ్యోతి అడ్డురాకుండా విన్నది. విని ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ పిల్ల పెట్టొద్దని మీతో చెప్పిందా?"

"చెప్పింది."

"మరిచిపోయి పెట్టారా?"

ఔనంటే ఆవిడ నమ్మేస్తుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మరిచిపోయినవి కొల్లలు. "లేదు. గుర్తుండే పెట్టాను" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. బండ్లు తోసుకుంటూ జనం షాపులోకి వెళ్తున్నారు, వస్తున్నారు. చివరికి ఇటు తిరిగింది. "నాతో చెప్పి నాలుగు అక్షింతలు వేయించుకుని తేలికపడదామనా? నేను వెయ్యను. పోనివ్వండి కారు ఆ పిల్ల దగ్గరికి."

ఏనీ బిల్డింగు కింద బజర్ నంబరు చూసుకోకుండానే నొక్కాడు, నోటికి వచ్చు కదా. "హలో" అంది ఏనీ గొంతు, స్పీకర్లోంచి. అలవాటు కొద్దీ వందనాలమ్మా అనబోయాడు. ఆ మాట విని ఆ పిల్ల ఒకసారి తలుపు తెరిచిందని గుర్తొచ్చి నోట్లోనే మింగేశాడు.

"నేనమ్మా, రాజు అంకుల్‌ని. ఆంటీ కూడా ఉంది. నువ్వు రమ్మంటేనే వస్తాం" అన్నాడు.

కాసేపటికి కింద తలుపు తెరుచుకుంది.

పైన ఫ్లాటులో ఎటు చూసినా అట్టపెట్టెలే. మంచం విప్పి గోడకి ఆనించి ఉంది. ఈ మధ్యాహ్నమే ఖాళీ చేస్తున్నానని, తనతో పనిచేసే ఆవిడ వ్యాను తెస్తోందని ఏనీ చెప్పింది. వాళ్ళని కూర్చోమనడానికి కుర్చీ లేదు. ప్రేమజ్యోతి గోడవారన నిలబడింది. సువార్తరాజు గది మధ్యలో నిలబడ్డాడు.

"ఏనీ, నీ అడ్రసు నెట్‌లోకి వెళ్ళింది నా చేతి మీదుగానమ్మా. నువ్వు వద్దన్నావు. నేనే పెట్టాను. మొన్న నువ్వు అడిగినప్పుడు కూడా అబద్ధం చెప్పాను."

ఏనీ ఒక పెట్టెకి టేపు అంటిస్తోంది. ఆ చివరిదాకా అంటించి, కత్తెరతో కత్తిరించింది.

"తెలుసంకుల్" అంది.

"తెలుసా? ఎప్పట్నించి?"

"ఆయన వచ్చిన రోజునుంచే. తలుపు బయట నిలబడి చెప్పాడు. మీ సంఘం వాళ్ళు చాలా మంచోళ్ళు, బజర్ నంబరు కూడా రాసిపెట్టారు, పెట్రోల్ బంక్ ఎదురుగా అని గుర్తు కూడా చెప్పారు, వాళ్ళకి నా వందనాలు చెప్పు అన్నాడు."

ప్రేమజ్యోతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సువార్తరాజుకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట విని కూడా ఈ పిల్ల తమ వంటింట్లో కూర్చుని, టీ తాగి, మీకైతే తెలుసు కదంకుల్ అంది. వెధవలనీ, సిగ్గులేనివాళ్ళనీ తాను ముందుగదిలో తిడుతుంటే అన్నీ విన్నది.

"తెలిసీ మరి నా దగ్గరికే ఎలా వచ్చావమ్మా?"

"ఇంకెవరున్నారంకుల్ నాకిక్కడ?" అంది ఏనీ. ఆ మాటలో కోపం లేదు, ఉన్నదేదో ఉన్నట్టు చెప్పింది. "మీరే చెప్తారని కూడా అనుకున్నాను. అందుకే అడిగాను, ఎక్కణ్ణుంచి వచ్చిందని. మీరు చెప్పలేం అన్నారు. పోన్లే, ఈ రోజన్నా మైకులో చెప్తారేమో అనుకున్నా."

ఆ పిల్ల ఎడాపెడా తిడుతుందని ఒక రకంగా తయారై వచ్చాడు సువార్తరాజు. ఫరవాలేదంకుల్, మీరు కావాలని చేశారా అంటుందేమోనని లోలోపల ఆశ కూడా పెట్టుకున్నాడు. ఆ రెండూ ఆ పిల్ల అనలేదు. క్షమించమ్మా అన్నాడు.

ఏనీ తలుపు పక్కనున్న పెట్టె చూపించింది. "అందులో గిన్నెలున్నాయంకుల్, అడుగు పట్టుకుని ఎత్తండి" అంది.

ఎత్తాడు. ఆదివారం కోటు, టై, ఉతికిన చొక్కాతో లిఫ్టులో పైకీ కిందకీ తిరిగి పెట్టెలన్నీ మోశాడు. నడుము నొప్పి లేచింది. ఆ నొప్పి ఆ పూట ఆయనకి హాయిగానే ఉంది. ప్రేమజ్యోతి ఇల్లు తుడిచి, స్టవ్వు కడిగి, ఏనీకి దారిలో తినడానికి చేతిసంచిలో ఉన్న బిస్కెట్లూ అరటిపళ్ళూ ఇచ్చింది. వ్యాను తెచ్చిన ఫిలిప్పీన్స్ ఆవిడ, ఈ పెద్దాయన నీ మామగారా అని ఏనీని ఇంగ్లీషులో అడిగింది. చర్చి అంకుల్ అంది ఏనీ.

మంచం ఎక్కింది, పెట్టెలు ఎక్కాయి. చివరికి ఒక కరివేపాకు కుండీ మిగిలింది. చలికి వాడిపోకుండా సువార్తరాజు దాన్ని కోటు లోపల పెట్టుకుని కిందికి తెచ్చాడు. ఫిలిప్పీన్స్ ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని, ఫోన్లో మ్యాపు తెరిచి, ఇంతకీ వెళ్ళాల్సింది ఎక్కడికో అడ్రసు చెప్పమంది.

ఏనీ నోరు తెరిచింది. కుండీ పట్టుకుని పక్కనే నిలబడ్డ సువార్తరాజుని చూసింది. మళ్ళీ మూసుకుంది.

ఆవిడ రెండోసారి అడిగింది. ఏనీ తన బూట్ల వైపు చూస్తూ నిలబడింది. పొమ్మనడానికి ఆ పిల్లకి మొహమాటం. ఈయనకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళంతా ముడుచుకుపోయింది. సంఘంలో ఎవరు ఇల్లు మారినా మొదట ఫోను వచ్చేది తనకే. కొత్త అడ్రసు మొదట తెలిసేది తనకే.

కుండీని ఏనీ చేతుల్లో పెట్టాడు. "జ్యోతీ, పద. అటు వెళ్దాం" అన్నాడు.

"వందనాలంకుల్. వందనాలాంటీ" అంది ఏనీ చిన్నగా.

సువార్తరాజు చేతులు జోడించాడు. భార్య మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు. ఎదురుగా ఉన్నది పెట్రోల్ బంకే. టైర్లలో గాలి కొట్టుకునే చోట, అద్దాలు తుడిచే నీళ్ళ డబ్బాలు పేర్చిన గోడ వైపు తిరిగి ఇద్దరూ నిలబడ్డారు. వెనక వ్యాను తలుపు మూసిన చప్పుడైంది. ఇంజను మొదలైంది. సువార్తరాజు ఆ డబ్బాల మీద రాసి ఉన్నదంతా చదివాడు, అయిపోతే మళ్ళీ మొదట్నించి చదివాడు. వ్యాను రోడ్డెక్కిన చప్పుడు వినిపించింది. అది కుడికి తిరిగిందో ఎడమకి తిరిగిందో తెలియకుండా ఉండాలని రెండు చెవులూ మూసుకున్నాడు.

కాసేపటికి ప్రేమజ్యోతి అతని చేతులు మెల్లగా చెవుల మీంచి తీసింది. "వెళ్ళిపోయినట్టుంది. ఎటు వెళ్ళిందో చూశారా?"

"చూళ్ళేదు" అన్నాడు సువార్తరాజు. "నువ్వు?"

"నేనూ చూళ్ళేదు" అంది ప్రేమజ్యోతి.